వాసెన కట్టిన వైను

షిరిడీ వెళ్ళినవాళ్ళు విభూతి తెస్తారు, పేడాలు తెస్తారు, భక్తి మరీ ముదిరితే గోడకు తగిలించే పటం తెస్తారు. మా ఆయన ఇవన్నీ తెచ్చారు. వీటితో పాటు సూట్‌కేసు అడుగున, నాకు కొన్న చీర మడతల్లో చుట్టి, రెండు సీసాల వైను కూడా తెచ్చారు. దారిలో చెక్‌పోస్టు వచ్చినప్పుడల్లా గొంతెత్తి భజన అందుకున్నారట. ఆయనకు ఒక్క భజన కూడా రాదని నాకు తెలుసు గానీ పోలీసులకు తెలియదు కదా.

నరసరావుపేటలో పత్తి వ్యాపారం చేసేవాళ్ళు పదిమంది కలిసి వ్యాను మాట్లాడుకుని వెళ్ళిన యాత్ర అది. దర్శనం పొద్దున్నే అయిపోయింది. ఇంకా టైముందని డ్రైవరు నాసిక్ వైపు ద్రాక్షతోటలు చూపిస్తానన్నాడు. తోట అంటే మావాళ్ళు ఆగరు. ఆ తోట వెనక వైను తయారుచేసే చోటు, అందులో ఒక చల్లటి గది, గది నిండా పడుకోబెట్టిన చెక్క పీపాలు. టై కట్టుకున్న ఒకాయన నిలబడి ఆ పీపాల గురించి గంటసేపు చెప్పాడట. తొమ్మిదిమంది వ్యాపారులు ఆ చల్లదనానికి గోడకు ఆనుకుని కునుకు తీశారు. మా ఆయన ఒక్కరే మేలుకుని విన్నారు. అదే మా కొంప మీదికి వచ్చింది.

"దేవుడి దగ్గరికి పోయి తెచ్చేది ఇదా?" అన్నాను సీసాలు చూసి.

"తాగటానికి గాదే, రుచి చూడటానికి," అన్నారు.

ఈ రెంటికీ ఉన్న తేడా నాకు తర్వాత తెలిసింది. నెలకో రెణ్ణెల్లకో తన స్నేహితుడు ప్లీడరు గారితో కలిసి డాబా మీద, నీళ్ళ ట్యాంకు చాటున, స్టీలు గ్లాసులో పోసుకునే బ్రాందీ ఉంది చూశారూ, అది తాగడం. పట్టపగలు హాల్లో సోఫాలో కూర్చుని, కాడ ఉన్న గాజు గ్లాసులో పోసి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఆడవాళ్ళ ఎదుట చప్పరించేది రుచి చూడడం. మొదటిదానికి నేను మూతి ముడుచుకోవచ్చు. రెండోదానికి మాత్రం పళ్ళెంలో జీడిపప్పు పెట్టి తీసుకురావాలి. మా ఊళ్ళో వైన్ షాపు అని బోర్డున్న చోట వైను తప్ప మిగతావన్నీ దొరుకుతాయి కాబట్టి, ఈ సంస్కారం కోసం పాపం నాసిక్ దాకా వెళ్ళవలసి వచ్చింది.

టై కట్టుకున్నాయన చెప్పిందంతా మా ఆయన పత్తి బేళ్ళ చీటీ వెనక రాసుకొచ్చారు. తెల్ల ద్రాక్షరసాన్ని ఓక్ అనే చెట్టు చెక్కతో చేసిన పీపాల్లో పోసి ఏడాది ఉంచుతారు. పీపా లోపలి వైపు ముందే మంట మీద కాల్చి ఉంటుంది. రసం చెక్కను తాగుతుంది, చెక్క రసాన్ని తాగుతుంది. అందువల్ల నీళ్ళలా ఉండవలసిన వైను లేత బంగారు రంగుకు తిరుగుతుంది. పలచగా జారిపోకుండా నాలుక మీద మీగడలా నిలబడుతుంది. వాసన చూస్తే వెన్న, వెనిలా, కాల్చిన బ్రెడ్డు, కొబ్బరి, వేయించిన జీడిపప్పు తెలుస్తాయి. ఈ జాబితాను ఆయన పొద్దునా సాయంత్రం సహస్రనామంలా చదువుకున్నారు.

"ఇన్ని వాసనలు కావాలంటే బస్టాండు దగ్గర బేకరీకి పోతే సరిపోయేదిగా?" అన్నాను.

"నీకు తెలవదులే," అన్నారు. అనేసి నాలుక కరుచుకుని, "నీకు తెలవకపోతే ఇంకెవరికి తెలిసిద్ది? నీ ముక్కంటే మాటలా!" అన్నారు.

ఆ మాటకు నా గుండె జారిపోయింది. ఎందుకో చెప్పాలి.

నాకు పచ్చళ్ళ వ్యాపారం ఉంది. పెద్దదేం కాదు. వేసవిలో ఆవకాయ, మాగాయ, చలికాలంలో పండుమిరప, ఏడాది పొడుగునా గోంగూర. పెళ్ళిళ్ళవాళ్ళూ, హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళూ పట్టుకెళతారు. ఇరవై ఏళ్ళు ఆ వ్యాపారమంతా నా ముక్కు మీదే నడిచింది. కారం వాసన చూసి అది ఎన్నాళ్ళ కిందట ఆడించిందో చెప్పేదాన్ని. నువ్వుల పప్పునూనె డబ్బా మూత తియ్యగానే గానుగ నూనో కాదో చెప్పేదాన్ని. ఒకసారి వినుకొండ నుంచి ఒకావిడ తన ఆవకాయ సీసా తెచ్చి నా ముందు పెడితే, మూత తీసి, "ఈ జాడీలో ఇంతకుముందు నిమ్మకాయ పెట్టావమ్మా, సరిగ్గా కడగలేదు," అన్నాను. ఆవిడ నోరెళ్ళబెట్టింది. ఈ కథ ఊరంతా తిరిగింది. తిప్పినవాళ్ళలో నేను కూడా ఉన్నాను.

నాకు గర్వం ఉండేది. ఇప్పుడు దాచడమెందుకు, చాలా ఉండేది. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, అడిగినా అడగకపోయినా, పులుసులో ఇంగువ ఎక్కువైందనో, వెన్న నిలవుంచి నెయ్యి కాచారనో చెప్పి వచ్చేదాన్ని. నేను గడప దాటి లోపలికి వస్తుంటే వంటింట్లో గిన్నెల మీద గబగబా మూతలు పడేవి. అది నా మీద గౌరవమనుకునేదాన్ని.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు నాకూ వచ్చింది. జ్వరం వారంలో పోయింది. పోతూ పోతూ నా ముక్కును కూడా పట్టుకుపోయింది. అందరికీ నెలలో, రెండు నెలల్లో తిరిగొచ్చిన వాసన నాకు రాలేదు. ఉప్పు తెలిసేది, కారం తెలిసేది, పులుపు తెలిసేది. అంతకుమించి ఏం నమిలినా అట్టముక్క నమిలినట్టే ఉండేది. ఒకరోజు పొయ్యి ఆరిపోయి వంటిల్లంతా గ్యాసు నిండిపోతే, నేను అక్కడే కూర్చుని గోంగూర ఒలుస్తున్నాను. మా ఆయన పరుగెత్తుకొచ్చి కట్టేసి, "నీకు తెలవలా?" అని అరిచారు. "జలుబు చేసింది," అన్నాను. ఆయన బయటికి వెళ్ళాక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఎవరికీ చెప్పలేదు. ముక్కు లేని మనిషి దగ్గర పచ్చడి ఎవరు కొంటారు? వ్యాపారం పోయినా తిండికి లోటు లేదు. కానీ నేను పెద్ద చదువులు చదవలేదు, పాట పాడలేను, నలుగురిలో మాట్లాడితే తడబడతాను. ఊళ్ళో నాకంటూ ఉన్నది ఆ ముక్కు తెచ్చిన పేరొక్కటే. అది పోతే నేను ఎవరినో నాకే తెలియదనిపించింది.

కాబట్టి నటించాను. మెంతులు రంగు చూసి వేయించాను. ఆవాలు గడియారం చూసి దించాను. మామిడికాయ ముక్కలు కొట్టడానికి వీధి చివరి ఇంటి నుంచి ఒకామె వస్తుంది. వాళ్ళాయనకు మోటారు మెకానిక్ షెడ్డు ఉంది. రంజాన్‌కు మా ఇంటికి సేమ్యా వచ్చేది వాళ్ళింటి నుంచే. పదేళ్ళుగా నాకు కుడిభుజం. పచ్చడి కలపడం అయ్యాక వేడన్నంలో ఒక ముద్ద కలిపి ఆమె చేతిలో పెట్టి, "ఎట్టుందో చెప్పు. కలిపీ కలిపీ నాకు తెలవటంలా," అనేదాన్ని. "బాగుందక్కా," అనేది. ఆ మాట పట్టుకుని రెండేళ్ళు బండి లాగాను. మధ్యలో కొన్ని ఇళ్ళవాళ్ళు పచ్చడి మానేశారు. బీపీ అన్నారు, డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడన్నారు. పేటలో ఒక్కసారే ఇంతమందికి బీపీ రావడం నాకు వింతగా కూడా తోచలేదు.

ఇలాంటి రోజుల్లో మా ఇంట్లోకి ఈ వాసనల సీసాలు వచ్చిపడ్డాయి.

మాఘమాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం రుచి చూసే కార్యక్రమం పెట్టారు. ప్లీడరు గారు వచ్చారు, ఆయన భార్య వచ్చింది. ఎరువుల కొట్టు నడిపే ఒకతను వచ్చాడు, అతను మా ఆయనకు తమ్ముడి వరస. అందరికీ తలో రెండు గుక్కలు పోసి మా ఆయన కుర్చీ వెనక నిలబడ్డారు, పంతులుగారు ఎక్కం అప్పజెప్పించుకుంటున్నట్టు.

"ముందర తాగబాకండి. రంగు చూడండి."

ప్లీడరు గారు గ్లాసును కిటికీ వైపు ఎత్తారు. "ఏంది బావా, సీసా మీద వైట్ అని రాసి పసుప్పచ్చగా ఉంది? కన్స్యూమర్ కోర్టులో గట్టిగా నిలబడే కేసు ఇది."

"అది పీపా రంగు."

"పీపా వచ్చి సాక్ష్యం చెప్పిద్దా?"

"ఇప్పుడు వాసన," అన్నారు మా ఆయన, ప్లీడరు గారి మాట విననట్టే.

ఎరువుల కొట్టతను గ్లాసులో ముక్కు పెట్టి, వెంటనే తీసేశాడు. "అన్నా, నాకేందో పురుగుమందు డబ్బా మూత తీసినట్టుంది."

మా ఆయన ముఖం మాడిపోయింది. చీటీ తీసి జాబితా అంతా చదివారు. ఎరువుల కొట్టతను బెదిరిపోయి మళ్ళీ ముక్కు పెట్టి, "ఆఁ, ఉందన్నా. వెన్న. యెనకమాల దాక్కునుంది," అన్నాడు. ప్లీడరు గారికి కాల్చిన బ్రెడ్డు దొరికింది. ఆయన భార్య తాగనంది గానీ, గ్లాసు ఒకసారి అందుకుని, "పుట్టినరోజు కేకు వాసనొస్తంది," అని మంచి మార్కులు కొట్టేసింది.

ఆ తర్వాత తాగారు. మా ఆయన విద్య పత్తి చూడడం. దూదిని రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి లాగి, పింజ ఎంత పొడుగో చెప్పేస్తారు. వైనుకు కూడా అదే లెక్క తెచ్చారు. "మింగినాక రుచి నోట్లో ఎంతసేపు నిలబడిందో, అదీ దీని పింజ. చూడండి, ఇంకా ఉంది. ఇంకా ఉంది," అంటూ గాలిలో రెండు బొటనవేళ్ళనూ దూరంగా లాగారు. అందరూ నోరు మూసుకుని, పైకప్పు చూస్తూ, ఎవరి పింజ ముందు తెగుతుందోనని ఒకరినొకరు ఓరగా గమనించుకున్నారు. ఎవ్వరిదీ తెగలేదు. మా ఇంటి ముందు నుంచి సత్తెనపల్లి బస్సు వెళ్ళి, హారను దూరమయ్యేదాకా అలాగే కూర్చున్నారు.

అప్పుడు మా ఆయన నా వైపు తిరిగారు. "వీళ్ళంతా సరే. అసలు ముక్కు ఇది. తాగొద్దులేవే, వాసన చూసి చెప్పు."

గ్లాసు చేతిలోకి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. ఖాళీ గ్లాసు పెట్టుకున్నట్టే ఉంది. నలుగురూ నా ముఖంలోకి చూస్తున్నారు. జాబితా నాకూ కంఠతా వచ్చింది కాబట్టి, కళ్ళు మూసుకుని, "జీడిపప్పు. నేతిలో వేయించింది. దించటం ఒక్క నిమిషం ఆలస్యమైంది," అన్నాను.

"అబ్బా!" అన్నారు ప్లీడరు గారు. వెంటనే అందరి గ్లాసుల్లోకీ జీడిపప్పు వచ్చేసింది. నిమిషం ఆలస్యమైన సంగతి కూడా అందరికీ తెలిసింది.

నాకు భయం పోయి అల్లరి పుట్టింది. ఇంకో నటన చూపిద్దామనిపించింది. మళ్ళీ వాసన చూసి, "అడుగున ఇంకోటుంది. తడిసి ఆరిన గోనెసంచి," అన్నాను. ఇది ఏ జాబితాలోనూ లేదు. ప్లీడరు గారు గ్లాసు గిరగిరా తిప్పి, "కరెక్ట్ చెల్లెమ్మా! గోనెసంచే! ఇందాకట్నించీ నాలుక మీద ఆడతంది, పేరు తట్టలా," అన్నారు. ఎరువుల కొట్టతను, సంచుల మధ్యే పుట్టి పెరిగినవాడు, అది యూరియా సంచి కాదనీ, జనపనారదనీ కూడా తేల్చాడు. మా ఆయన చీటీ మీద రాసుకున్నారు.

ఆ సాయంత్రం అంట్లు తోముతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఎంత వెర్రివాళ్ళో అనుకున్నాను.

ఒక సీసా అయిపోయింది. రెండోది ముప్పాతిక మిగిలింది. మా ఆయన దాన్ని చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. "ఏడాది ఊరితేనే ఇంత రుచొస్తే, ఇంకో నాలుగు నెలలు ఊరితే ఎట్టా ఉండిద్ది? ఎట్టా పెడదామంటావు?"

ఊరబెట్టడం గురించి నన్ను అడిగితే నేను ఆలోచించడం కూడా ఉండదు. సీసాకు బిరడా బిగించి ఉంచితే ఏదైనా ఉక్కిరిబిక్కిరై పాడవుతుందని చెప్పాను. చిన్న జాడీ ఒకటి వేడినీళ్ళతో కడిగి, ఎండబెట్టి, అందులో ఆ వైను పోశాను. ఆవకాయ జాడీకి కట్టినట్టే, ఉతికిన పాత పంచె గుడ్డతో మూతికి వాసెన కట్టాను. పీపా లేని లోటెందుకని మా ఆయన వడ్రంగి దగ్గర టేకు ముక్క తెచ్చి, పొయ్యి మీద కాల్చి, వాసెన కట్టకముందే అందులో వేశారు. జాడీని అటక మీద పచ్చళ్ళ వరసలో పెట్టాం. దాన్ని చూసుకుని ఇద్దరం ఎంతో తృప్తి పడ్డాం.

ఎండాకాలం వచ్చింది. పల్నాడు ఎండల గురించి చెప్పేదేముంది, రోహిణి కార్తెలో రోళ్ళు పగిలాయి. అటక మీద చెయ్యి పెడితే కాలేది. కింద మేము ఆవకాయ పెట్టుకున్నాం. ఆమె ముక్కలు కొట్టింది, నేను గడియారం చూసి ఆవాలు దించాను, ముద్ద పెట్టాను, బాగుందక్కా అంది. పచ్చడి సీసాలు ఎక్కడివక్కడికి వెళ్ళిపోయాయి.

వానలు పడ్డాక, ఆషాఢంలో ఇంకో ఆదివారం అదే నలుగురూ మా హాల్లో కూర్చున్నారు. వీధి చివరామె కూడా మిగిలిన పచ్చడి సీసాలకు మూతలు బిగించడానికి వచ్చి వంటింటి గుమ్మం దగ్గర ఉంది. మా ఆయన అటక ఎక్కి జాడీ దించి, దేవుడి పెట్టె తెరిచినట్టు వాసెన విప్పారు. గ్లాసుల్లో పోశారు. రంగు ఇంకా ముదిరింది. అందరూ మెచ్చుకున్నారు.

ప్లీడరు గారు ఒక గుక్క తాగారు. ఆయన ముఖంలో ప్రతి నరమూ ఒకసారి అదిరింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కొంచెం ఆగి, "బావా," అన్నారు, "కంటనీళ్ళు పెట్టించావు. ఇదీ వైనంటే."

"ఇప్పుడు ఊరింది," అన్నాడు ఎరువుల కొట్టతను, పళ్ళు బిగించి.

"పింజ చూడండి, పింజ!" అన్నారు మా ఆయన. పింజ నిజంగానే తెగడం లేదు.

గ్లాసు నాకిచ్చారు. ఈసారి పాత బీరువా అందామా, అగరుబత్తి అందామా అని ముందే సిద్ధం చేసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ముక్కులో సూది గుచ్చినట్టయింది. తల వెనక్కి లాగాను. అనుమానంగా మళ్ళీ పెట్టాను. పులుపు. నాలుకకు కాదు, ముక్కుకు తెలుస్తున్న పులుపు, కుళ్ళిన ద్రాక్షపళ్ళ గంప దగ్గర ఈగలు ముసిరే చోట వచ్చే పులుపు. దాని కింద మరొకటి. కొత్త ఇంట్లో వడ్రంగి గుమ్మానికి చిత్రిక పడుతుంటే రేగే పొట్టు వాసన. కాల్చిన టేకు. ఇంకా కింద, ఎక్కడో అడుగున, పోతూ పోతూ, ఎవరో వెన్న కాచి వెళ్ళిపోయిన గిన్నె లాంటిది. ఆ టై కట్టుకున్నాయన అబద్ధం చెప్పలేదు. ఆ వైనులో నిజంగానే అవన్నీ ఉండేవి. మేమే దాన్ని అటకెక్కించి చంపేశాం.

గ్లాసు అక్కడ పెట్టి వంటింట్లోకి పరుగెత్తాను. కాఫీపొడి డబ్బా తెరిచాను. కాఫీ! ఇంగువ తెరిచాను. ఇంగువ! కరివేపాకు నలిపాను. తలుపు వెనక తగిలించిన మా ఆయన చొక్కా ముఖానికి అదుముకున్నాను. చెమట, పత్తి దుమ్ము. అంత మంచి వాసన నా జీవితంలో చూడలేదు. వీధి చివరామె నా వైపు వింతగా చూస్తుంటే, నవ్వుతూ ఏడుస్తూ ఆవకాయ జాడీ వాసెన విప్పాను.

ముక్కిపోయిన నూనె.

పొరపాటేమోనని ఇంకోటి విప్పాను. అదీ అంతే. మాగాయలో మాడిన మెంతుల చేదు వాసన. నిరుటి పండుమిరపలో బూజు. నూనె డబ్బా మూత తీశాను. అసలు ఆ డబ్బాలోదే కంపు. రెండేళ్ళుగా అదే కొట్టు నుంచి, అదే నూనె, మూత తీసి గొప్పగా వాసన చూసి మరీ తెచ్చుకున్నాను.

హాల్లోకి వచ్చి నిలబడ్డాను. "ఈ వైను పాడైంది," అన్నాను. "నా ఆవకాయ కూడా పాడైంది."

"ఛ, ఛ," అన్నారు ప్లీడరు గారు. "ఆవకాయా? మొన్న తిన్నాంగా చెల్లెమ్మా, అమృతం."

"అదిరిపోయింది వదినా," అన్నాడు ఎరువుల కొట్టతను.

గోనెసంచి గుర్తొచ్చింది. అదే గొంతులు, అదే ముఖాలు. ఆ రోజు వీళ్ళను వెర్రివాళ్ళని నవ్వుకున్నాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇంక దాచలేకపోయాను. "నాకు రెండేళ్ళ నుంచి వాసన తెలియదు," అని చెప్పేశాను. "మీ అందరినీ మోసం చేశాను."

 ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ సంగతి నాకు కొంచెం ఆలస్యంగా తట్టింది.

గుమ్మం దగ్గర నుంచి వీధి చివరామే ముందు నోరు విప్పింది. "నాకెప్పట్నించో ఎరికే అక్కా. మా ఇంట్లో సేమ్యా మాడితే నాలుగిళ్ళ అవతల నించి కేకేసేదానివి. నీకు జబ్బు చేసిన యేడు పొయ్యి దగ్గిర నా కొంగు అంటుకుని కమురు వాసన కొడతంటే, పక్కనే కూర్చుని గడియారం చూసుకుంటన్నావు."

"మరి బాగుందని ఎందుకన్నావే?"

"ఏమనమంటావు? బాలేదంటే మానేస్తావు. మానేసి మంచమెక్కుతావు. అందుకే బాగుందన్నా."

ప్లీడరు గారి భార్య నేల చూస్తూ అంది. "మా అటక మీద పద్నాలుగు సీసాలున్నయ్ వదినా. పారేద్దామంటే, నువ్వెప్పుడన్నా వస్తే కనపడాలిగా అని ఉంచా."

"నేను మా కొట్లో పనోళ్ళకిచ్చా వదినా, అబద్ధమెందుకు," అన్నాడు ఎరువుల కొట్టతను. "వాళ్ళు పండక్కి తిరిగి నాకే ఇచ్చారు."

ప్లీడరు గారు మాత్రం వృత్తిధర్మం వదల్లేదు. నేరం ఒప్పుకున్నా శిక్ష పడదని నాకు ధైర్యం చెప్పి వెళ్ళారు.

అందరూ వెళ్ళాక మా ఆయన గ్లాసులు ఏరుతున్నారు. "మీకూ తెలుసా?" అని అడిగాను.

"గ్యాసు రోజునే తెలిసింది."

"తెలిసి తెలిసీ, రోజూ మొదటి ముద్ద దాంతోనే తిన్నారే! రెండేళ్ళు!"

"మొదట్లో కష్టంగానే ఉండేది," అన్నారు. "తర్వాత అలవాటైపోయింది."

"నాకు చెప్పొచ్చుగా."

"నువ్వు జలుబన్నావుగా. జలుబే అనుకున్నా," అన్నారు, నా వైపు చూడకుండా.

 మాట మార్చడానికి, "పచ్చడి సంగతి తెలిసిన మనిషికి ఆ వైను పులిసిపోయిందని తెలియలేదా?" అన్నాను.

"పులిసిందా?" అన్నారు, నిజంగా ఉలిక్కిపడి. గ్లాసు అడుగున మిగిలింది మళ్ళీ తాగి చప్పరించారు. "యాడ పులిసిందే? ఈసారే గదా చానా బాగుంది!"

ఆయన ముఖంలోకి చూశాను. నటన కాదు. ఆయనకు మొదటి నుంచీ నాలుక లేదా, లేక రెండేళ్ళు నా ఆవకాయ తిని పోగొట్టుకున్నారా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. అడగడానికి ధైర్యం లేదు.

మర్నాడు జాడీలన్నీ ఖాళీ చేయించాను. పచ్చళ్ళు కొన్నవాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, పచ్చడి పాడైంది, నాకు ముక్కు లేకుండా పెట్టాను, పారెయ్యండి అని చెప్పాను. ఒక్కరైనా ఒప్పుకుంటారేమోనని చూశాను. "అయ్యో, అట్టాంటిదేం లేదండీ, చానా బాగుంది," అన్నారు అందరూ. ఒకావిడైతే ఇంకో రెండు సీసాలు పంపమంది. బీపీవాళ్ళు కూడా బాగుందనే అన్నారు.

మధ్యాహ్నం కొత్త నూనె తెప్పించి, వాసన చూసి, నాలుగు కట్టల గోంగూరలో సగం వేయించి పచ్చడి నూరాను. ముక్కు తిరిగొచ్చిన సంబరంలో పొయ్యి మీద ఒక్కొక్కటీ వాసన చూసుకుంటూ, ఉల్లిపాయ కోస్తూ దాని ఘాటుకు మురిసిపోతూ ఉన్నాను. మెంతుల సంగతి మరిచాను. మాడాయని రోట్లో నూరేటప్పుడే ముక్కుకు తెలిసింది. తెలిసే వడ్డించాను.

మా ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. "బాగుంది," అన్నారు.

"నిజం చెప్పండి."

"బాగుందే."

"నాకు ముక్కొచ్చింది. నిజం చెప్పండి."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. వీధి తలుపు వైపు చూశారు, ప్లీడరు గారైనా వచ్చి తప్పిస్తారేమోనన్నట్టు. నేను కదల్లేదు. ఆయన ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, భయం భయంగా అన్నారు.

"మెంతులు మాడినయ్యే."

రెండేళ్ళ తర్వాత మా ఇంట్లో నా వంటకు పడ్డ మొదటి వంక అది. కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆయన కంగారుపడి, కొంచెమేలే, కొంచెమే మాడినయ్ అంటూ ఇంకో ముద్ద కలపబోతుంటే కంచం ముందు నుంచి పచ్చడి గిన్నె లాగేసుకున్నాను. ఇంకా రెండు కట్టల గోంగూర ఉంది. మళ్ళీ మెంతులు వేయించడానికి లేచాను.